జమ్మిచెట్టుకు కట్టిన కవిత

“నిజం చెప్పు మేడం. గా రాతల అంత బలముంటదా?”

మా కాలనీ గేటు దగ్గర, సెక్యూరిటీ గది అరుగు మీద కూర్చుని ఒక అవ్వ నన్ను ఈ మాట అడిగింది. పక్కన ఆమె మనుమరాలు తల వంచుకుని చెప్పుతో మట్టి గీకుతోంది. గేటు నుంచి ఫోన్ వస్తే నేను లాబొరేటరీలోంచి అలాగే వచ్చాను, కోటు నిండా సున్నపురాయి పొడితో. సిమెంటు ఫ్యాక్టరీలో కెమిస్టును నేను. రాయిలో ఏముందో పరీక్ష చేసి చెప్పడం ఉద్యోగం. మనిషి మాటలో ఏముందో పరీక్ష చేయడం అంతకుముందే పట్టుకున్న పిచ్చి. మా నాన్న నన్ను వేలు పట్టుకుని వాదసభలకు తీసుకెళ్లేవాడు. గుడికి వెళ్లే వయసులో నేను దేవుడు ఉన్నాడా లేడా అన్న చర్చలకు వెళ్లాను.

“ఏ రాతలో అవ్వా?”

“నువ్వు మా పోరికి నేర్పిన రాతల. ఆకులు రాలే రాత.”

నాకు నవ్వొచ్చింది. నవ్వేశాను కూడా. ఆమె నవ్వలేదు.

“ఊరంత పత్తి ఎర్రవడ్డది. మా పోరి రాసింది నేను జమ్మికి కట్టిన. అందుకే గిట్లయిందంటుండ్రు. బాణామతి ముసల్దట నేను. తొలి ఏరుడుకు రావద్దన్నరు. అన్నది ఎవడో కాదు, నా తమ్ముని కొడుకే.”

బాణామతి. ఆ మాట వినగానే నా నవ్వు ఆగిపోయింది. ఆ మాట మీద నేను ఎన్నో వ్యాసాలు రాశాను. ఊళ్లలో ఒంటరి ఆడవాళ్ల మీద ఆ మాట ఎలా పడుతుందో, పడ్డాక ఏమవుతుందో వేదికలెక్కి చెప్పాను. నింద వేసేవాణ్ని ఎలా నిలదీయాలో నాకు తెలుసు. నింద పడ్డ మనిషే వచ్చి, అది నిజమో కాదో కాస్త చూసి చెప్పమని అడిగితే ఏం చెయ్యాలో నాకు ఎవరూ నేర్పలేదు.

“ఏ బలమూ ఉండదు అవ్వా. కాయితం కాయితమే” అన్నాను గట్టిగా.

ఆమెకు ఊరట కలుగుతుందనుకున్నాను. ఆమె ముఖం కొంచెం చిన్నబోయింది.

“ఏం ఉండదా? మరి చుక్క పెట్టి ఇస్తివి గద, మస్తు రాసిందని?”

తన మీద పడ్డ నిందకు ఆమె భయపడుతోంది. మనుమరాలి రాతకు ఊరంత చేన్లను ఎర్రబరచే శక్తి ఉందేమోనని లోపల ఎక్కడో గర్వపడుతోంది కూడా. రెండూ ఒకే ముఖంలో ఉన్నాయి.

మా కాలనీ సరిహద్దుకు మరాఠీ రాష్ట్రం వైపు, ఉప్పర్వాహి దగ్గర ఉంటుంది. గోడకు ఇవతల తెలంగాణ నుంచీ ఆంధ్ర నుంచీ వచ్చిన మాలాంటి ఉద్యోగుల క్వార్టర్లు. అవతల, తరతరాలుగా ఇక్కడే సేద్యం చేస్తున్న తెలుగు కుటుంబాల ఊరు. ఆ ఊరి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఫోనులో హిందీ. గలగలా తెలుగు మాట్లాడతారు, తెలుగు అక్షరం కనిపిస్తే మాత్రం ఎవరో కొత్త మనిషి ఇంట్లోకి వచ్చినట్టు చూస్తారు. వాళ్ల పెద్దలూ అంతే. అందుకే ఆదివారాలు కాలనీ హాల్లో అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాను. చదవడం వస్తే చాలు, మూఢత్వం దానంతట అదే పోతుందని నా నమ్మకం. అవును, నాకూ ఒక నమ్మకం ఉంది.

దసరాకు ముందు ఒక ఆదివారం కాలనీ పాప ఒకతె తన ఇంగ్లీషు బడి హోంవర్కు పట్టుకొచ్చింది. శరత్తుకు ఇంగ్లీషులో ఉన్న పేరును నిలువుగా, ఒక్కో అక్షరం ఒక్కో వరుసలో రాయాలి. ఆ అక్షరంతోనే ఆ వరుసలో ఒక పంక్తి మొదలుపెట్టాలి. పైనుంచి కిందికి చదివితే పేరు, పక్కకు చదివితే కవిత. అక్షరాలు ఇంకా కుదురుకోని పిల్లలకు ఇంతకంటే మంచి ఆట ఏముంటుంది? చంద్రపూర్ వెళ్లినప్పుడు కొన్న స్కెచ్ పెన్నులు పంచి, బోర్డు మీద నిలువుగా రాశాను: ఆ, కు, రా, లే. మొదటి అక్షరాలు ఎర్రగా, పెద్దగా రాయమన్నాను. బొమ్మ లేకపోతే పిల్లలకు తోచదని ఫోనులో వెతికి ఒక చలిదేశపు అడవిని చూపించాను. చెట్లన్నీ నిప్పంటుకున్నట్టు ఎర్రగా ఉన్నాయి.

“గిది యాడ మేడం?” అంది అవ్వ మనుమరాలు.

“చాలా దూరం. ఆకురాలే కాలంలో అక్కడ ఇలా ఉంటుంది.”

“మన దిక్కు గిప్పుడు రాలయి గద. టేకు ఎండకాలం ముంగట రాలుతది.”

“ఊహించి రాయమ్మా. ఆకురాలే కాలం వస్తే ఏమేం జరగాలో రాయండి అందరూ.”

కాలనీ పాప తన కవితను తక్షణం వదిలింది: ఆటలు ఆడాలి, కుల్ఫీ తినాలి, రాకెట్లు కాల్చాలి, లేటుగా లేవాలి. హాలంతా నవ్వులు. ఊరి పిల్ల మాత్రం చాలాసేపు పెన్ను కొరుక్కుంటూ కూర్చుని రాసింది. అందరికంటే బాగా రాసింది. అక్షరాల్లో తప్పు లేదు. పంక్తులకు ఒక నడక ఉంది. సంతోషం పట్టలేక కింద ఎర్ర సిరాతో అయిదు కోణాల చుక్క గీసి ఇచ్చాను.

ఆ కాయితం ఇంటికి వెళ్లింది. దసరా వచ్చింది.

దసరా నాడు జమ్మిచెట్టుకు కాయితం కట్టడం ఆ ఊళ్లో ఇప్పటికీ ఉంది. ఇంట్లోవాళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి రాసి, చుట్టి, పసుపు దారంతో కొమ్మకు కడతారు. అక్కడ కట్టిన రాత ఫలిస్తుందని, శత్రువు అణుగుతాడని అంటారు. అవ్వకు ఏ భాషా చదవడం రాదు. ఏటా ఎవరినో బతిమాలి మరాఠీలో పేర్లు రాయించుకునేది. ఈసారి ఇంట్లోనే రాత ఉంది, అదీ తెలుగు రాత, మేడం చుక్క పెట్టిన రాత. చూస్తే ఎర్ర అక్షరాలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పేర్లూ అలాగే రాస్తారు కదా. ఆమె ఆ కాయితాన్ని మడిచి, కళ్లకద్దుకుని కట్టేసింది.

తర్వాత రాత్రులు చల్లబడ్డాయి. పత్తి ఆకులు అంచుల నుంచి ఎర్రబడడం మొదలైంది. ఇక్కడ దాన్ని లాల్యా అంటారు. అది ఏటా ఎక్కడో ఒకచోట ఉంటుంది. భూమిలో మెగ్నీషియం చాలకపోయినా, నత్రజని తగ్గినా, పచ్చదోమ రసం పీల్చినా, రాత్రి చలి తోడైతే ఆకు ఎర్రబడి రాలిపోతుంది. ఈసారి ఊరి చుట్టూ ఒక్కసారిగా వచ్చింది. అవ్వ తమ్ముని కొడుకు చదువుకున్నవాడే. మా ఫ్యాక్టరీలోనే కాంట్రాక్టు మీద కరెంటు పని చేస్తాడు. ఫోనులో వీడియోలు చూసి మందులు కొట్టాడు. తగ్గలేదు. ఒకరోజు జమ్మి దగ్గర బండి ఆపినప్పుడు, గాలికి విచ్చుకున్న ఆ కాయితం కంటపడింది. ఎర్ర అక్షరాలు, నిలువు వరుస, కింద అయిదు కోణాల గుర్తు. ఫొటో తీసి ఊరి గ్రూపులో పెట్టాడు, ‘ఇది ఎవరి పని?’ అని మరాఠీలో రాసి. తెలుగు చదవలేని తెలుగువాళ్లందరూ ఆ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూసుకున్నారు. దసరా నాడు దాన్ని కట్టడం చూసినవాళ్లు అవ్వ పేరు చెప్పారు.

ఇదంతా గేటు దగ్గరే విన్నాను.

“పోలీసులకు చెబుదాం అవ్వా. ఈ రాష్ట్రంలో దీనికి చట్టం ఉంది.”

“పోలీసులొస్తరు, పోతరు. నా చేన్లకు ఏరనీకి ఎవరొస్తరు?”

అప్పుడు నాకు అసలు ప్రమాదం అర్థమైంది. అక్కడ పత్తి ఏరడం బదులు మీద నడుస్తుంది. ఈరోజు ఆడవాళ్లంతా నీ చేను ఏరితే రేపు నువ్వు వాళ్లతో కలిసి ఇంకొకరి చేను ఏరాలి. తొలి ఏరుడు నాడు చేను గట్టున పెరుగన్నం పెట్టి, నాలుగు దిక్కులా చల్లి, అందరికంటే పెద్దామె మొదటి కాయ ఏరాలి. కొన్నేళ్లుగా ఆ పెద్దామె ఈ అవ్వే. ఇప్పుడు ఆమెను ఆ వరుసలోంచి తీసేస్తే ఆమె చేను కూడా వరుసలోంచి పోతుంది. కొడుకు లేడు, కోడలు లేదు. విచ్చుకున్న పత్తి చెట్టు మీదే వేలాడి మట్టిలో కలుస్తుంది. ఇక బాణామతి అన్న పేరు అంటారా, అది ఆ పిల్ల పెళ్లిదాకా వెంట వస్తుంది.

“సాయంత్రం వస్తాను. అందరినీ పిలువు. ఆ కాయితంలో ఏముందో చదివి వినిపిస్తాను. చదివితే అయిపోతుంది” అన్నాను. ఎంత ధీమా!

పంచాయతీ ఆఫీసు వరండాలో కూర్చున్నారు. నలుపు తేలిన అరుగు మీద మగవాళ్లు, మెట్ల మీద ఆడవాళ్లు. అవ్వ ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుంది. పిల్ల ఆమె కొంగు పట్టుకుని నిలబడింది. తమ్ముని కొడుకు నాకు కుర్చీ వేసి, నీళ్లిచ్చి, ఆ కాయితాన్ని రెండు వేళ్లతో అంచు పట్టుకుని తెచ్చి బల్ల మీద పెట్టాడు, వేడి పెనం పెట్టినట్టు.

“ఇది మంత్రం కాదు. కవిత. క్లాసులో అందరూ రాశారు” అన్నాను.

“చుక్క ఏంది మేడం?”

“అది నేను పెట్టింది. బాగా రాస్తే పెడతాం.”

మెట్ల మీద గుసగుస లేచింది. “మేడమే పెట్టిందట.” “అయితే మేడంకు గూడ వస్తదన్నట్టు.”

“వినండి” అని కాయితం చేతిలోకి తీసుకున్నాను. పంక్తులు నాకు అప్పటికి సరిగ్గా గుర్తులేవు, బాగుందన్నది మాత్రమే గుర్తు. గొంతు సవరించుకుని, వేదిక మీద చదివినట్టు చదివాను.

“ఆకులన్నీ ఎర్రబడాలి.”

అరుగు మీద ఒకతను నోట్లోంచి బీడీ తీశాడు.

“కుప్పలు కుప్పలుగా కింద పడాలి.”

ఎవరో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు అప్పుడు వినపడడం మొదలైంది, నా గొంతులో నేను ఏం చదువుతున్నానో. కానీ ఆపితే ఇంకా ఘోరం. చదివాను.

“రాత్రి చలిగాలి గట్టిగా రావాలి.”

నాలుగో పంక్తి నోట్లోంచి రావడానికి మొరాయించింది.

“లేత కొమ్మ కూడా బోడిగా నిలవాలి.”

నా జీవితంలో నేను చదివిన ఏ వ్యాసానికీ సభ అంత నిశ్చలంగా కూర్చోలేదు. నెల కింద ఎర్ర చుక్క పెట్టి మెచ్చుకున్న పంక్తులివే. అప్పుడు నాకు అందులో అడవి కనిపించింది. ఇప్పుడు పత్తిచేన్లలోంచి నడిచొచ్చిన మనుషుల మధ్య చదివితే, ఒక్కొక్క పంక్తీ ఒక్కొక్క శాపంలా ఉంది. ఎర్రబడిన ఆకు ఎక్కడో అందమేమో. ఈ నల్లరేగడిలో అది రోగం. చదివి వినిపిస్తే భయం పోతుందని నేను వచ్చాను. చదవకముందు వాళ్లకున్నది అనుమానం మాత్రమే. రుజువు నేను తెచ్చిచ్చాను.

“ఇంకేం కావాలె మేడం?” అన్నాడు తమ్ముని కొడుకు. గొంతులో గెలుపు లేదు, నిజంగా భయం ఉంది. అది నన్ను ఇంకా కుదిపేసింది.

లాల్యా గురించి చెప్పాను. మెగ్నీషియం చెప్పాను, పచ్చదోమ చెప్పాను. “ఏటా ఉంటది గద, మాకు మాలూమే” అన్నాడు. “ఏటా ఇంత లేదు. ఈ ఏడు ఎందుకొచ్చిందో చెప్పుండ్రి.” ఈ ఏడే ఎందుకంటే నా దగ్గర ఖచ్చితమైన జవాబు లేదు. మట్టి పరీక్ష చేయిస్తే తెలుస్తుందన్నాను. తలలూపారు. నేను మాట్లాడింది అబద్ధమని ఎవరూ అనలేదు. అదీ నిజమే, ఇదీ నిజమే అన్నట్టు కూర్చున్నారు.

అప్పుడు నా ఆఖరి అస్త్రం తీశాను. మా సభల్లో ఇది తిరుగులేనిది. ఎదుటివాడి మాటను కాదనకుండా చివరిదాకా లాక్కెళ్లి, అది ఎక్కడ తేలుతుందో అందరికీ చూపించడం.

“సరే. రాస్తే ఆకు ఎర్రబడుతుందంటున్నావు కదా. అలాగైతే ‘ఆకు పచ్చబడాలి’ అని ఇంకో కాయితం రాసి అదే చెట్టుకు కడితే పచ్చబడాలి. మరి మందులెందుకు కొంటున్నావు? వీపు మీద ఆ పంపు ఎందుకు మోస్తున్నావు?”

ఇక్కడ నవ్వు పుట్టాలి. ఆ నవ్వులో ఎదుటివాడి వాదం కొట్టుకుపోవాలి.

ఎవరూ నవ్వలేదు.

“గదే గద మేడం మేం అడిగేది” అన్నాడు అతను ఎంతో మర్యాదగా. “మీరే మంచి మాట చెప్పిండ్రు. ఉల్టా రాయించుండ్రి. కట్టేస్తం. అత్తకూ మాకూ పంచాయితి ఏమున్నది?”

వరండా అంతా ఊపిరి పీల్చుకుంది. “అవు, గట్ల చేస్తె అయిపాయె.” “పోరి చేతితోనే రాయాలె. రాసినోళ్లే విప్పాలె.” మెట్ల మీద నుంచి అతని భార్య నవ్వుతూ అంది, “చుక్క మర్సిపోవద్దు మేడం. చుక్క లేకుంటె పని చెయ్యదు.”

వాళ్లు వెటకారం చేయడం లేదు. నా చేతిలోని కత్తిని తీసుకుని, ‘మంచి కత్తి’ అని కూరగాయలు తరగడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ల వాదసభలూ నా తలలో ఒక్కసారిగా కూలిన చప్పుడు విన్నాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఒప్పుకుందామా అనిపించింది. నాలుగు పంక్తులు. ఆకులు పచ్చగా ఉండాలని ఒక పిల్ల రాస్తే ఎవరికేం నష్టం? ముసలామె వరుసలోకి వస్తుంది. చేను బతుకుతుంది. పెదవుల దాకా వచ్చింది మాట.

“రాయదు” అంది అవ్వ.

స్తంభాన్ని పట్టుకుని లేచి నిలబడింది.

“ఉల్టా రాస్తె, ముంగటిది మేమే చేసినమని ఒప్పుకున్నట్టే. రేపు ఒకని గొడ్డు సస్తది, రాయమంటరు. ఇంకొకనికి జరమొస్తది, రాయమంటరు. నా పోరి ఊరికి మంత్రగత్తె అయితది. రాయదు.”

“మీ నాహీ లిహిణార్” అంది పిల్ల ఏడుస్తూ, రాయనని. కోపం వస్తే దానికి బడి భాషే వస్తుంది.

పొద్దున గేటు దగ్గర ‘బలముంటదా’ అని నన్ను అడిగిన మనిషి ఈమేనా? ఆమె నమ్మకం పోయిందో లేదో నాకు తెలియదు. కానీ నేను చెప్పాల్సిన మాట ఆమె చెప్పింది. నేను మింగబోయిన మాట కూడా అదే.

“నీ ఇష్టం అత్త” అన్నాడు తమ్ముని కొడుకు. లేచి చెప్పులు వేసుకున్నాడు. ఒక్కొక్కరూ లేచారు. అవ్వ పక్కనుంచి వెళ్లేటప్పుడు ఆడవాళ్లు కొంగులు దగ్గరికి లాక్కున్నారు. ఆమె వాళ్లలో చాలామందికి పురుడు పోసిందని పిల్ల తర్వాత చెప్పింది.

తర్వాతి ఆదివారం హాల్లో క్లాసుకు ఊరి పిల్లలెవరూ రాలేదు. కాలనీ పిల్లలను పంపేసి, తాళం వేసి, నేను అవ్వ చేను వైపు నడిచాను. ఎందుకంటే ఏం చెప్పను? మాట పనికిరాలేదు. చేతులు మిగిలాయి.

ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. తమ్ముని కొడుకు చేన్లో తొలి ఏరుడు జరుగుతోంది. గట్టున ఆకులో పెరుగన్నం ఉంది. వరుసగా ఆడవాళ్లు నడుములకు ఒడి కట్టుకుని కదులుతున్నారు. గట్టు దాటితే అవ్వ చేను. ఊరివైపు నుంచి చూస్తే అది కనపడదు, మధ్యలో తుమ్మలు అడ్డం. నేను తుమ్మలు దాటి వచ్చి అక్కడే ఆగిపోయాను.

చేనంతా ఎరుపు. గోంగూర కాడల ఎరుపు. కొన్ని మొక్కలకు ఒక్క ఆకు లేదు, కొమ్మలు బోడిగా నిలబడి వాటి చివర తెల్లటి పత్తి వేలాడుతోంది. ఫోనులో పిల్లలకు నేను చూపించిన అడవి రంగు ఇదే. శరత్తు అంటే ఇలా ఉంటుందని చూపించాను కదా, వచ్చి నా ఎదుట నిలబడింది. అటు పక్క చేన్లో ఎర్రాకు ఉంది కానీ మధ్యమధ్య పచ్చదనం కూడా ఉంది. ఈమె చేన్లో పచ్చ అన్నది లేదు. ఊళ్లో అందరికంటే ఎక్కువ పోయింది ఈమెకే.

వరండాలో ఇంత సేపు వాదించానే, ఒక్కసారి వచ్చి ఈ చేను చూడాలని నాకు తోచలేదు. నమూనా చూడకుండా రాయి గురించి ఒక్క మాట మాట్లాడను నేను. నేనే కాదు, ఆ వరండాలో ఎవరూ చూడలేదు. బాణామతి ముసల్దాని చేన్లోకి ఎవరు అడుగుపెడతారు?

“చెప్పలేదేం అవ్వా, నీ చేను ఇలా అయిందని?”

ఆమె ఒంగి ఏరుతూనే ఉంది. అవతలి సాలులో పిల్ల ఉంది. “ఏం చెప్పాలె? చెప్తె తిరగవడ్డదంటరు. చేసినోళ్లకే తగిలిందంటరు.”

నిజమే. అనేవాళ్లు. నాకు ఎదురుగా కనిపిస్తున్న సాక్ష్యం ఆమెకు ఇంకో నేరం.

ఆమె నాకు ఒక గోనెసంచి ముక్క ఇచ్చి ఒడిలా కట్టింది. గట్టు పక్క సాలు చూపించింది. పత్తి ఏరడం అంటే దూదిని తీసుకోవడమనుకున్నాను. ఎండిన కాయ డొప్పల అంచులు గోళ్లలోకి దిగుతాయి. ఎర్రబడిన ఆకు ముట్టుకుంటే చాలు నలిగి పొడై పత్తికి అంటుకుంటుంది. నేను ఏరే కొద్దీ నా ఒడి తెల్లగా కాకుండా ఎర్రెర్రగా నిండింది. గట్టవతల పని నెమ్మదించింది. తుమ్మల సందుల్లోంచి నన్ను చూస్తున్నారని తెలుస్తోంది.

“మేడం, పత్తి ఏరుతున్నరా, ఆకులు ఏరుతున్నరా?” తమ్ముని కొడుకు భార్య అరిచింది. ఆడవాళ్లందరూ పకపకా నవ్వారు.

“నవ్వకుర్రి. కలం పట్టే చెయ్యి అది” అంది అవ్వ తలెత్తకుండా.

“కలం పట్టే చెయ్యే గద అత్త గింత చేసింది!”

మళ్లీ నవ్వులు. నాకు ఒళ్లు మండింది. పాడు జోకు అది. కానీ ‘అత్త’ అంది. పంచాయతీ సాయంత్రం తర్వాత ఆమెను ఎవరైనా పేరుపెట్టో వరుసపెట్టో పిలవడం నేను వినడం అదే మొదలు.

నేను మొండిగా ఏరాను. కొంతసేపటికి అవతలి నుంచి ఒక నిట్టూర్పు వినిపించింది. చెడిపోతున్న పనిని చూస్తూ ఉండలేని మనిషి నిట్టూర్పు.

“అయ్యో, గట్ల కాదు! ఖరాబ్ చేస్తున్నరు. ఆ పత్తి ఎవడు కొంటడు?”

అంటూనే గట్టెక్కి, తుమ్మల సందులోంచి దూరి ఇటువైపు దూకింది. నా ఒడి లాక్కుంది. “గిట్ల మూడు వేళ్లతోని పట్టి, డొప్పను ముట్టకుంట గుంజాలె” అని చూపించబోయి, తలెత్తింది. చేనంతా కళ్లతో తిరిగింది. చేతిలో పత్తి అలాగే ఉండిపోయింది.

“అత్తా. ఇదంత ఎప్పుడాయెనే?”

“మీ దాని కంటె ముంగటనే.”

“ముంగటనేనా? దసరా ముంగటనా?”

“బతుకమ్మ పూలకు పోయిన్నాడే అంచులు ఎర్రగుండె.”

ఇప్పుడు నివ్వెరపోవడం నా వంతు. దసరాకు ముందే! కాయితం చెట్టెక్కకముందే! మొత్తం కేసు ఈ ఒక్క మాటతో తేలిపోయేది. వరండాలో నేను అడగలేదు. ఆమెకేమో అది చెప్పదగిన సంగతని తట్టలేదు. చేను చెడిందని తన నోటితో అనడమే అశుభం ఆమెకు.

ఆమె కోడలు వరస మనిషి అక్కడే కూలబడి, నా ఒడిలోని పత్తిని గట్టు మీద పోసి, అతుక్కున్న ఎర్రాకు పొడిని గోటితో ఒక్కొక్కటీ తీసి పక్కన పడెయ్యడం మొదలుపెట్టింది.

“ఏయ్, యాడికి పోయినవ్?” అవతలి నుంచి భర్త కేక.

“ఇటు రా. నీ కండ్లతోని చూడు. ఫోన్ పట్టుకరా, ఫొటో గూడ తియ్యి. గ్రూపుల పెడుదువు!”

అతను వచ్చాడు. తుమ్మల దగ్గర నిలబడ్డాడు. ఫోను జేబులోనే ఉంది. ఒక ఆకు తెంపి, తిప్పి అడుగువైపు చూశాడు, వేళ్ల మధ్య నలిపాడు. ఇంకో మొక్క దగ్గర ఇంకో ఆకు. భార్య చెప్పింది, బతుకమ్మకు ముందే ఇలా ఉందట అని. అతను అత్త వైపు చూడలేదు. నా వైపు అసలే చూడలేదు. నలిపిన ఆకు పొడిని చేతిలోంచి దులుపుకుని,

“రేపు మీ దిక్కు ఎంతమంది కావాలె అత్త?” అన్నాడు.

అంతే. తప్పయిందని లేదు. బాణామతి అన్న మాట వెనక్కి తీసుకున్నది లేదు. రేపు ఎంతమంది కావాలి! ఒక మనిషిని ఊరి ముందు మంత్రగత్తెను చేసి, పిల్లను ఏడిపించి, చివరికి ఇదా? ముందు ఆ మాట అందరి ముందూ వెనక్కి తీసుకో, ఆ ఫొటో పెట్టిన చోటే నిజమూ పెట్టు, తర్వాత కూలీల సంగతి మాట్లాడదాం. వాక్యాలన్నీ వరుసగా నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. నేను నడుము పట్టుకుని నిటారుగా లేచాను.

“నలుగురు చాలు” అంది అవ్వ అతనితో.

నా వైపు తిరిగి, ఎర్రటి చేనులో సగం ఏరాక ఇంకా తెల్లగా మిగిలి ఉన్న నా వరుసను చేత్తో చూపించింది.

“మేడం, నీ సాలు అట్లనే ఉన్నది.”